గుడారంలో నిద్ర వినోదమేనా? డార్ట్‌మూర్ తీర్పు వెనక ఉన్న పాత తగవు

సంక్షిప్తంగా: ఇంగ్లండ్ నైరుతి మూలనున్న డార్ట్‌మూర్ కొండబయళ్లలో భూయజమానిని అడగకుండానే గుడారం వేసుకుని రాత్రి గడిపే హక్కు ప్రజలకు ఉందని బ్రిటన్ సుప్రీంకోర్టు 2025 మే 21న ఏకగ్రీవంగా తేల్చింది. 1985 నాటి ఒక స్థానిక చట్టంలోని ఒకే ఒక్క వాక్యానికి అర్థమేమిటన్నదే మూడు కోర్టుల్లోనూ నడిచిన వాదన. తీర్పు డార్ట్‌మూర్‌కే వర్తిస్తుంది, మిగతా ఇంగ్లండ్‌లో పరిస్థితి మారలేదు. స్కాట్లండ్‌లోనూ, నార్వే, స్వీడన్‌లలోనూ ఇదే హక్కు వేరే పునాది మీద నిలిచి ఉంది.

తగవు ఎక్కడ మొదలైంది

డార్ట్‌మూర్ డెవన్ కౌంటీలో ఉంది. విస్తీర్ణం 954 చదరపు కిలోమీటర్లు. చెట్టూ చేమా పెద్దగా లేని ఎత్తైన బీడు, కాలు పెడితే కుంగే పీట్ నేల (కుళ్లిన మొక్కల పొరలతో ఏర్పడ్డది), అక్కడక్కడ తలలెత్తిన గ్రానైట్ గుట్టలు, వాటి నడుమ మేసే గొర్రెలు, పొట్టి గుర్రాలు, ఇదీ అక్కడి దృశ్యం. 1951లో దీన్ని నేషనల్ పార్కుగా ప్రకటించారు. నేషనల్ పార్కు అనగానే తెలుగు పాఠకుడికి ప్రభుత్వ అడవి, చెక్‌పోస్టు, టికెట్టు గుర్తుకు రావడం సహజం. బ్రిటన్‌లో ఆ మాటకు అర్థం వేరు. అక్కడ పార్కు హద్దుల్లోనే ఊళ్లు, పొలాలు, పబ్బులు ఉంటాయి. భూమిలో అధిక భాగం ప్రైవేటు వ్యక్తుల చేతుల్లోనో, ట్రస్టుల చేతుల్లోనో, డార్ట్‌మూర్ విషయంలో యువరాజుకు చెందే డచీ ఆఫ్ కార్న్‌వాల్ ఎస్టేటు చేతుల్లోనో ఉంటుంది. పార్కు అథారిటీ పని కట్టడాలను నియంత్రించడం, ప్రకృతిని కాపాడడం, సందర్శకుల రాకపోకలను క్రమబద్ధం చేయడం. భూమికి సొంతదారు సాధారణంగా అది కాదు.

అలెగ్జాండర్, డయానా డార్‌వాల్ దంపతులు 2011లో డార్ట్‌మూర్ దక్షిణ భాగంలో బ్లాచ్‌ఫర్డ్ అనే ఎస్టేటు కొన్నారు. దాదాపు 4,000 ఎకరాల ఆ ఎస్టేటులో స్టాల్ మూర్ అనే బయలు ఒక భాగం. భర్త హెడ్జ్ ఫండ్ మేనేజరు. తమ భూమిలో ఎవరెవరో గుడారాలు వేయడం వల్ల పశువులకు ఇబ్బంది కలుగుతోందని, మంటల ముప్పు ఉందని, చెత్త మిగులుతోందని వారి ఫిర్యాదు. అయితే వారు ఫలానా వ్యక్తి మీద నష్టపరిహారం దావా వేయలేదు. తమ అనుమతి లేకుండా గుడారం వేసే హక్కు చట్టంలో ఎవరికీ లేదని ప్రకటించాలంటూ పార్కు అథారిటీని ప్రతివాదిగా చేర్చి కోర్టుకు వెళ్లారు. దానితో ఒక ఎస్టేటు గొడవ కాస్తా డార్ట్‌మూర్ అంతటి ప్రశ్నగా మారిపోయింది.

ఊరుమ్మడి అంటే అందరిదీ కాదు

ఈ వ్యాజ్యం గురించి చదివేవారికి మొదట ఎదురయ్యే చిక్కు ‘కామన్స్’ అన్న మాట. తెలుగులో ఊరుమ్మడి భూమి అంటాం కనుక అది ఊరందరి సొత్తని అనిపిస్తుంది. ఇంగ్లండ్ చట్టం ప్రకారం కామన్‌కు దాదాపు ఎప్పుడూ ఒక యజమాని ఉంటాడు. ఉమ్మడిగా ఉన్నది భూమి కాదు, దాని మీది కొన్ని వాడుక హక్కులు మాత్రమే. చుట్టుపక్కల కొన్ని పొలాలవారికి తరతరాలుగా అక్కడ గొర్రెలు, ఆవులు, గుర్రాలు మేపుకునే హక్కు ఉంటుంది. కొన్నిచోట్ల పీట్ తవ్వుకునే హక్కో, వంటచెరకు తెచ్చుకునే హక్కో ఉంటుంది. ఈ హక్కుదారులనే కామనర్లు అంటారు. నగరం నుంచి సంచీ భుజాన వేసుకుని వచ్చిన నడకరి యజమానీ కాదు, కామనరూ కాదు.

మన చట్టాల్లో పోలిక వెతికితే 2006 నాటి అటవీ హక్కుల చట్టం కొంతవరకు దగ్గరకు వస్తుంది. నల్లమలలో చెంచులకు తేనె, గడ్డలు, ఆకులు సేకరించుకునే సామూహిక హక్కు ఉందంటే, హైదరాబాదు నుంచి ట్రెక్కింగ్‌కు వెళ్లినవారికీ ఆ హక్కు ఉందని కాదు. డార్ట్‌మూర్‌లోనూ అంతే. మేత హక్కు వేరు, ప్రవేశ హక్కు వేరు. 1985లో వచ్చిన డార్ట్‌మూర్ కామన్స్ చట్టం ఈ రెంటినీ ఒకే చోట క్రమబద్ధం చేసింది. మేతను అదుపులో ఉంచేందుకు కామనర్లకు ఒక మండలిని ఏర్పాటు చేసింది. అదే చట్టంలోని 10వ సెక్షనులో సాధారణ ప్రజలకు ప్రవేశ హక్కు కల్పించింది. తగవంతా ఆ సెక్షను దగ్గరే.

ఒక్క వాక్యం, మూడు కోర్టులు

ఆ సెక్షనులోని కీలక వాక్యం సారాంశం ఇది: నిబంధనలకు, ఉపనిబంధనలకు లోబడి, బహిరంగ వినోదం నిమిత్తం కాలినడకన, గుర్రంపై కామన్స్‌లోకి ప్రవేశించే హక్కు ప్రజలకు ఉంటుంది. గుడారం అన్న మాట అందులో లేదు. ఉండి ఉంటే ఈ వ్యాసమే అక్కర్లేదు.

హైకోర్టులో కేసు విన్న సర్ జూలియన్ ఫ్లాక్స్ 2023 జనవరి 13న భూయజమానుల పక్షాన తీర్పు చెప్పారు. ఆయన తర్కం సూటిగానే ఉంది. నడక వినోదం, గుర్రపు స్వారీ వినోదం. రాత్రి గుడారంలో పడుకోవడం మాత్రం మర్నాడు మళ్లీ నడవడానికి చేసుకునే ఏర్పాటే తప్ప దానికదే వినోదం కాదు. కాబట్టి చట్టం దాన్ని ఇవ్వలేదు. తీర్పు వెలువడిన వారానికి, జనవరి 21న, స్టాల్ మూర్ మీదికి దాదాపు 3,000 మంది నడిచి వెళ్లి నిరసన తెలిపారు. దశాబ్దాలుగా ఉందనుకున్న హక్కు ఒక్క రోజులో మాయమవడమే అంత జనాన్ని అక్కడికి రప్పించింది. ఈలోగా పార్కు అథారిటీ కొందరు యజమానులతో ఒప్పందం చేసుకుని, వారి భూముల్లో అనుమతి ప్రాతిపదికన గుడారాలు వేసుకునే వెసులుబాటు తెచ్చింది. హక్కుకూ అనుమతికీ తేడా ఏమిటో ఆ కొద్ది నెలల్లో అందరికీ స్పష్టంగా తెలిసొచ్చింది. అనుమతిని ఇచ్చినవాడు ఎప్పుడైనా వెనక్కి తీసుకోగలడు.

2023 జూలై 31న అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. సర్ జెఫ్రీ వోస్ సహా ముగ్గురు న్యాయమూర్తులూ నిద్రను నడక నుంచి విడదీసి చూసే పద్ధతిని అంగీకరించలేదు. నడిచి నడిచి అలసి గట్టు మీద కాసేపు కన్ను మూసినవాడు ఆ క్షణంలో వినోదం మానేసినట్టా? గుడారం లేకుండా నక్షత్రాల కింద పడుకుంటే వినోదం, వానకు తడవకుండా పైన ఒక గుడ్డ కప్పుకుంటే కాదా? గుడారం తలుపు తెరిచి ఉంటే ఒక న్యాయం, జిప్పు వేస్తే మరొక న్యాయం అనడం ఎలా కుదురుతుందన్నది ఆ తీర్పులోని ఆలోచన.

డార్‌వాల్ దంపతులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. అక్కడ వాదన నిద్ర మీది నుంచి వ్యాకరణం మీదికి మళ్లింది. ‘కాలినడకన, గుర్రంపై’ అంటున్నారు కనుక చట్టం ఇచ్చింది నడిచే వినోదం, స్వారీ చేసే వినోదం మాత్రమేనని వారి న్యాయవాదుల వాదన. లార్డ్ సేల్స్, లార్డ్ స్టీఫెన్స్ రాసిన తీర్పు దీన్ని తోసిపుచ్చింది. ఆ మాటలు ప్రజలు బయలులోకి ఏ విధంగా రావచ్చో చెబుతున్నాయి తప్ప, వచ్చాక ఏం చేయాలో చెప్పడం లేదని కోర్టు వివరించింది. మన భాషలో చెప్పుకోవాలంటే, దర్శనం కోసం బస్సులో తిరుపతికి వెళ్లే హక్కు ఉందని ఒక చట్టం అంటే, దర్శనం కూడా బస్సులోనే చేసుకోవాలని ఎవరూ అర్థం చెప్పరు. రాక ఎలా అన్నది ఒకటి, రాక ఎందుకు అన్నది మరొకటి. బయట, ఆరుబయట, సరదా కోసం చేసే పనులన్నిటినీ ‘బహిరంగ వినోదం’ అన్న మాట కలుపుకుంటుందని, మామూలు వాడుకలో గుడారం వేసుకోవడమూ అందులోకి వస్తుందని సుప్రీంకోర్టు తేల్చింది.

భూయజమానుల రెండో వాదన మరింత బరువైనది. ఆస్తి హక్కును కుదించే చట్టాన్ని వీలైనంత ఇరుకుగా చదవాలన్నది ఇంగ్లిష్ న్యాయశాస్త్రంలో పాత సూత్రం. చట్టం మాట స్పష్టంగా ఉన్నచోట ఆ సూత్రం అర్థాన్ని మార్చలేదని కోర్టు చెప్పింది. దుర్వినియోగం జరుగుతుందన్న ఆందోళనకు కూడా చట్టంలోనే జవాబు ఉందని గుర్తుచేసింది. ఉపనిబంధనలు చేసి, ఉల్లంఘించినవారిపై చర్య తీసుకునే అధికారం పార్కు అథారిటీకి ఉంది. ఒక్కొక్క యజమాని ఒక్కొక్కరిని వెంటబడి దావా వేయడం కంటే అది మెరుగైన అదుపు.

తీర్పును సంబరంగా జరుపుకున్నవారు అంతగా పట్టించుకోని సంగతి ఒకటుంది. ఇందులో గెలిచింది ఒక చట్టంలోని ఒక మాటకు చెప్పిన అర్థం. ప్రకృతిలో తిరగడం మనిషికి సహజమైన హక్కని కోర్టు ఎక్కడా అనలేదు. అనవలసిన అవసరమూ దానికి రాలేదు. 1985లో బిల్లు రాసినవారు ‘బహిరంగ వినోదం’ బదులు ‘నడక, స్వారీ’ అని రాసి ఉంటే ఫలితం తలకిందులయ్యేది. డార్ట్‌మూర్ హక్కు బలమంతా అందులోనే ఉంది, బలహీనత కూడా అందులోనే ఉంది.

చెక్క బోర్డుల అబద్ధం

ఇంత సున్నితమైన మాట మీద హక్కు ఆధారపడడానికి కారణం ఇంగ్లండ్ భూచరిత్ర. 1604 నుంచి 1914 వరకు పార్లమెంటు ఆమోదించిన 5,200కు పైగా ఆవరణ చట్టాల ద్వారా సుమారు 68 లక్షల ఎకరాలకు కంచెలు పడ్డాయి. ఇంగ్లండ్ మొత్తం విస్తీర్ణంలో ఇది ఐదో వంతు. ఉమ్మడి మేతబీళ్లు ప్రైవేటు పొలాలుగానూ, ఉత్తరాన గ్రౌస్ అనే పక్షుల వేట బీళ్లుగానూ మారాయి. సరిగ్గా అదే కాలంలో మిల్లు పట్టణాలు పెరిగాయి. వారమంతా మగ్గాల చప్పుడులో పనిచేసిన కార్మికుడు ఆదివారం తల ఎత్తి చూస్తే ఎదురుగా కొండ కనబడేది, దారిలో బోర్డు కనబడేది. కొండల మీద నడిచే హక్కు కోసం ఎంపీ జేమ్స్ బ్రైస్ 1884లో పార్లమెంటులో బిల్లు పెట్టారు. నెగ్గలేదు.

‘అక్రమంగా ప్రవేశించినవారు శిక్షార్హులు’ అన్న ఆ బోర్డులను అక్కడి న్యాయవాదులు సరదాగా చెక్క అబద్ధాలు అనేవారు. ఎందుకంటే ఇంగ్లండ్‌లో ఇతరుల భూమిలోకి ఊరికే అడుగుపెట్టడం నేరం కాదు, సివిల్ తప్పు మాత్రమే. యజమాని వెళ్లిపొమ్మనవచ్చు, నష్టం జరిగితే దావా వేయవచ్చు. పోలీసులు పట్టుకుని జైలుకు పంపే వ్యవహారం కాదది.

1932 ఏప్రిల్ 24న పీక్ డిస్ట్రిక్ట్‌లోని కిండర్ స్కౌట్ కొండ మీదికి జరిగిన సామూహిక ప్రవేశాన్ని ఈ నేపథ్యంలోనే చూడాలి. హేఫీల్డ్ దగ్గరి ఒక రాతిక్వారీలో గుమిగూడిన కొన్ని వందల మంది, డెవన్‌షైర్ డ్యూక్ వేటబీడు మీదికి ఎక్కారు. కాపలాదారులతో తోపులాట జరిగింది. ఆరుగురిని అరెస్టు చేశారు. ఐదుగురికి రెండు నుంచి ఆరు నెలల శిక్ష పడింది. నాయకుడు బెన్నీ రోత్‌మన్‌కు అప్పుడు 20 ఏళ్లు, ఆయనకు పడింది నాలుగు నెలలు. ఆ శిక్షలు కొండెక్కినందుకు కావు. ఎక్కడం నేరం కాదు కనుక అల్లర్లు, దాడి వంటి అభియోగాలు మోపారు. ప్రవేశం కంటే శిక్షే పెద్ద వార్త అయింది. 70 ఏళ్ల తర్వాత, 2002లో, అప్పటి డెవన్‌షైర్ డ్యూక్ అదే చోట తన పూర్వీకుల వైఖరికి బహిరంగంగా క్షమాపణ చెప్పారు.

యుద్ధానంతరం 1949లో నేషనల్ పార్కుల చట్టం వచ్చింది. పార్కులు ఏర్పడ్డాయి, కాలిదారులను నమోదు చేసే పద్ధతి మొదలైంది, కానీ బయళ్లలో స్వేచ్ఛగా తిరిగే హక్కు మాత్రం యజమానులతో ఒప్పందాల మీదే ఆధారపడింది.

8 శాతం లెక్క

2000లో వచ్చిన గ్రామీణ ప్రాంత, దారి హక్కుల చట్టం ఈ పరిస్థితిని సగం మార్చింది. కొండ, మూర్, హీత్, డౌన్ అనే నాలుగు రకాల బయళ్లు, నమోదైన కామన్ భూములు, వీటిని పటాల మీద గుర్తించి, వాటిలో నడిచే హక్కును ఇచ్చింది. ఇంగ్లండ్ విస్తీర్ణంలో ఇది సుమారు 8 శాతం. అడవులు, నదీతీరాలు, మామూలు పచ్చికబయళ్లు చాలావరకు బయటే ఉండిపోయాయి. పటంలో రంగు వేసిన ముక్కల్లో కొన్నింటికి చుట్టూ ప్రైవేటు భూమే ఉండడంతో, అక్కడ తిరిగే హక్కు ఉన్నా అక్కడికి చేరే దారి లేదు. నీటి మధ్య దీవుల్లా అవి మిగిలిపోయాయి.

ఆ చట్టం రెండో షెడ్యూలులో నిషిద్ధ పనుల చిట్టా ఉంది. వాహనం నడపడం, మంట వెలిగించడం, స్నానం చేయడం, గుడారం వేయడం, అన్నీ అందులో ఉన్నాయి. అంటే పగలు నడవవచ్చు, రాత్రి ఉండరాదు. డార్ట్‌మూర్ ప్రత్యేకత ఇక్కడే అర్థమవుతుంది. 1985 నాటి చట్టం గుడారాన్ని పేరు పెట్టి నిషేధించలేదు. 2000 నాటి చట్టం పేరు పెట్టి నిషేధించింది. ఇంగ్లండ్‌లో అడగకుండా గుడారం వేసే హక్కు ఉన్న ప్రాంతంగా డార్ట్‌మూర్ ఒక్కటే పేరుపడడం వెనక ఉన్న రహస్యం ఇంతే. లేక్ డిస్ట్రిక్ట్ కొండల్లో ఎత్తైన చోట సాయంత్రం టెంటు వేసి తెల్లవారగానే ఎత్తేసేవారిని సాధారణంగా ఎవరూ ఏమీ అనరు. కానీ అది చూసీ చూడనట్టు వదిలేయడమే తప్ప హక్కు కాదు.

ఉద్యోగాలకో చదువులకో బ్రిటన్ వెళ్లిన తెలుగువారు తరచు పొరబడేది కూడా ఈ విషయంలోనే. స్కాట్లండ్‌లో టెంటు వేసిన స్నేహితుడి ఫోటోలు చూసి, అదే ధైర్యంతో వేల్స్‌లోనో యార్క్‌షైర్‌లోనో వేస్తే చట్టం వర్తించే తీరు వేరు. సరిహద్దు దాటితే దేశం మారినట్టు కనబడదు, చట్టం మాత్రం మారిపోతుంది.

స్కాట్లండ్: చోటు కాదు, నడవడిక

స్కాట్లండ్ పార్లమెంటు 2003లో చేసిన భూసంస్కరణ చట్టం ప్రశ్ననే తిప్పి వేసింది. ఏయే చోట్ల తిరగవచ్చో పటం గీయడం మానేసి, దాదాపు అంతటా తిరగవచ్చని మొదట ప్రకటించి, ఏయే చోట్ల కుదరదో తర్వాత చెప్పింది. ఇళ్లు, వాటి చుట్టూ ఏకాంతానికి అవసరమైన తోట, పంట ఉన్న పొలాలు, పాఠశాలల ఆవరణలు మినహాయింపులు. మోటారు వాహనాలు, వేట, చేపలు పట్టడం ఈ హక్కులోకి రావు. తేలికపాటి గుడారం వస్తుంది. అన్నిటికీ ఒకే షరతు, హక్కును బాధ్యతగా వాడుకోవాలి. బాధ్యత అంటే ఏమిటో వివరిస్తూ ఒక నియమావళి ఉంది. కొద్దిమందే ఉండాలి, ఒక చోట రెండు మూడు రాత్రులకు మించరాదు, పశువులు మేసే మూసిన పొలాలకూ ఇళ్లకూ రోడ్లకూ దూరంగా ఉండాలి, వెళ్లేటప్పుడు జాడ మిగల్చకూడదు.

ఈ పద్ధతిలో కోర్టుల పని తగ్గలేదు, మారింది. తోట అంటే ఎంత వరకు, ఏకాంతానికి ఎంత నేల కావాలి అన్న ప్రశ్నలు అక్కడ వచ్చాయి. ఒక పెద్ద కోట యజమానురాలు తన ఆవరణలో కొంత భాగాన్ని ప్రవేశ హక్కు నుంచి మినహాయించాలని 2007లో పెర్త్ కోర్టులో వాదించి నెగ్గారు కూడా. తేడా ఏమిటంటే, అక్కడ ప్రజలకు హక్కు ఉందని రుజువు చేయవలసిన భారం ప్రజల మీద లేదు. హక్కు లేదని చూపించవలసినది యజమాని.

స్కాట్లండ్ నమూనాను ఆదర్శంగా చూపేవారు లాక్ లోమండ్ సంగతిని దాటవేయడం సరికాదు. గ్లాస్గో నగరానికి గంట ప్రయాణంలో ఉన్న ఈ సరస్సు తీరాన వేసవి వారాంతాల్లో కార్లు దిగి, సీసాలతో వచ్చి, చెట్లు నరికి మంటలు వేసి, చివరికి గుడారాలనే వదిలేసి పోయేవారి తాకిడి పెరిగింది. 2011లో తూర్పు తీరాన, 2017 మార్చి నుంచి మరిన్ని తీరాల్లో, ఏటా మార్చి 1 నుంచి సెప్టెంబరు 30 వరకు పర్మిట్ లేకుండా గుడారం వేయడాన్ని ఉపనిబంధనలతో నిషేధించారు. ఆ సరస్సు ఉన్న నేషనల్ పార్కు మొత్తంలో ఈ ఆంక్షలు వర్తించేది స్వల్ప భాగానికే. అయినా ఒక సూత్రం స్పష్టమైంది. నగరానికి దగ్గరగా, రోడ్డుకు ఆనుకుని ఉన్న అందమైన నేలలో నడవడిక మీద ఆధారపడ్డ హక్కు ఒక్కటే సరిపోదు.

నార్వే, స్వీడన్: మీటర్లలో కొలిచిన మర్యాద

నార్వేలో 1957 నాటి బహిరంగ వినోద చట్టం భూమిని రెండుగా విడదీస్తుంది. ఇంటి పెరడు, సాగుభూమి, గడ్డి కోసే మడి ఒక రకం. అడవి, కొండ, బీడు రెండో రకం. రెండో రకంలో ఎవరైనా ఏడాది పొడవునా నడవవచ్చు. మొదటి రకంలోనూ ఒక వెసులుబాటు ఉంది. నేల గడ్డకట్టినప్పుడో మంచు కప్పినప్పుడో పంటకు హాని ఉండదు కనుక సాగుభూమి మీదుగా వెళ్లవచ్చు, ఏప్రిల్ 30 నుంచి అక్టోబరు 14 వరకు మాత్రం కూడదు. గుడారం విషయంలో లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. మనుషులు ఉండే ఇంటికి కనీసం 150 మీటర్ల దూరం, ఒకే చోట రెండు రాత్రులు. ఎత్తైన కొండల్లో, జనావాసాలకు దూరంగా ఆ రెండు రాత్రుల పరిమితి కూడా సడలుతుంది. అడవి దగ్గర ఏప్రిల్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మంట వేయడం సాధారణంగా నిషేధం. ఎవరి ఆస్తి అన్నది కాక, నేల ఏ స్థితిలో ఉంది, పక్కన ఎవరు ఉన్నారు అన్నవే ఇక్కడ ప్రమాణాలు.

స్వీడన్‌లో ఇలాంటి ప్రత్యేక చట్టమే లేదు. ఆచారంగా సాగుతున్న ఈ హక్కును 1994లో రాజ్యాంగంలో ప్రస్తావించారు. పిల్లలకు బడిలో నేర్పే సూత్రం రెండే మాటలు, ఇబ్బంది పెట్టొద్దు, పాడుచేయొద్దు. అడవిలో బెర్రీలు, పుట్టగొడుగులు కోసుకోవడం కూడా ఇందులో భాగం. విశాలమైన అడవులు, పల్చని జనాభా ఉన్న దేశాల్లో ఇది సులువేనని, చదరపు కిలోమీటరుకు 400 మందికి పైగా ఉండే ఇంగ్లండ్‌కు నప్పదని వాదించేవారున్నారు. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ ఇంగ్లండ్ జనాభాలో అత్యధికులు నగరాల్లోనే ఉంటారు, డార్ట్‌మూర్ వంటి బయళ్లు దాదాపు ఖాళీ. అడ్డుపడుతున్నది రద్దీ కంటే చట్టం ఎదిగిన తీరే అనడం సమంజసం.

మంటల భయం ఎంత నిజం

భూయజమానుల, పశుపోషకుల ఆందోళనను నెపంగా కొట్టిపారేయడానికి వీల్లేదు. ఎండిన పీట్ నేలకు నిప్పంటితే అది పైకి కనబడకుండా లోపల రోజుల తరబడి రగులుతుంది. 2018 వేసవిలో మాంచెస్టర్ దగ్గరి సాడిల్‌వర్త్ మూర్ కాలినప్పుడు సైనికులను దించవలసి వచ్చింది. 2020 మేలో డోర్సెట్‌లోని వేర్‌హమ్ అడవిలో సుమారు 220 హెక్టార్లు కాలిపోయాయి. అక్కడ వాడి పారేసే బార్బెక్యూలు దొరికాయి. గొర్రెలు ఈనే వసంతకాలంలో తల్లీ పిల్లా మధ్యకు మనిషో కుక్కో వచ్చినా నష్టమే. నేల మీద గూడు పెట్టే పక్షులకు కూడా అదే సమయం.

అయితే ఈ నష్టాలను ఎవరు చేస్తున్నారన్నది చూస్తే చిత్రం మారుతుంది. కోవిడ్ ఆంక్షలు సడలిన 2020 వేసవిలో డార్ట్‌మూర్‌లో చెత్త, మంటలు పెరిగి పార్కు అథారిటీ కొన్ని చోట్ల గుడారాలను తాత్కాలికంగా ఆపవలసి వచ్చింది. ఆ గుంపులు ఎక్కువగా కనబడింది రోడ్డు పక్కన, కారు ఆపిన చోట, నది గట్టున. పెద్ద టెంటు, మడత కుర్చీలు, బొగ్గుల పొయ్యి, స్పీకరు మోసుకుని ఐదు మైళ్లు కొండెక్కేవాళ్లు ఉండరు. కొండెక్కేవాడి సంచీలో ఉండేది రెండు కిలోల లోపు గుడారం, చిన్న గ్యాస్ స్టవ్, ఒక ప్లాస్టిక్ సంచీలో తన చెత్త. మొదటి రకం పని పాత ఉపనిబంధనల ప్రకారమే నిషిద్ధం. అంటే లోపం హక్కులో కాక అమలులో ఉంది. రెండో రకం వాళ్లను నిషేధించినందువల్ల మొదటి రకం వాళ్లు ఆగరు.

భారత చట్టంతో చుట్టరికం

అక్రమ ప్రవేశం గురించిన భారత చట్టం ఇంగ్లిష్ మూలాల నుంచే వచ్చింది. భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షను ప్రకారం, నేరం చేసే ఉద్దేశంతోనో, భూమి స్వాధీనంలో ఉన్నవారిని భయపెట్టే, అవమానించే, విసిగించే ఉద్దేశంతోనో ప్రవేశిస్తేనే అది క్రిమినల్ వ్యవహారం. ఊరికే పొలం గట్టున నడిచిపోవడం నేరం కాదు. పల్లెల్లో అలా నడిచేవారిని ఎవరూ ఆపకపోవడం మన అనుభవమే. అడవిలో మాత్రం లెక్క తిరగబడుతుంది. రిజర్వు అడవిలోకి అనుమతి లేని ప్రవేశాన్ని అటవీ చట్టం నిషేధిస్తుంది. అభయారణ్యంలోకి వెళ్లాలంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పర్మిట్ కావాలి. పులులు తిరిగే అమ్రాబాద్‌లో రాత్రి గుడారానికీ, గొర్రెలు తిరిగే డార్ట్‌మూర్‌లో రాత్రి గుడారానికీ ఒకే కొలత పెట్టలేం. కనుక ఆ తీర్పును ఇక్కడికి తెచ్చి పోల్చడంలో అర్థం పరిమితమే.

ఇక ముందు

తీర్పుతో కోర్టుల దారి ముగిసింది, ఉపనిబంధనల దారి మిగిలింది. పార్కు అథారిటీ కొత్త ఆంక్షలు పెట్టాలంటే ప్రజాభిప్రాయం సేకరించి, లండన్‌లోని మంత్రిత్వశాఖ ఆమోదం పొందాలి. వాటిని బిగిస్తే హక్కు కాగితం మీద నిలిచి నేల మీద చిక్కిపోవచ్చు. సడలిస్తే పశుపోషకులు మళ్లీ తగవుకు రావచ్చు. సెక్షను 10లోని మొదటి మాటే ‘లోబడి’ అన్నది కనుక, ఇకపై అసలు బేరమంతా అక్కడే సాగే అవకాశం ఎక్కువ.

పార్లమెంటు వైపు చూస్తే కదలిక తక్కువ. అప్పటి గ్రీన్ పార్టీ ఎంపీ కరొలిన్ లూకస్ అడవులు, నదీతీరాలు, పట్టణాల చుట్టూ ఉన్న గ్రీన్ బెల్ట్ భూములకు కూడా నడక హక్కును విస్తరించాలని ప్రైవేటు బిల్లు తెచ్చారు. 2023 మేలో ప్రకృతిలోకి ప్రజల ప్రవేశంపై పార్లమెంటులో చర్చ జరిగినప్పుడు, అప్పుడు ప్రతిపక్షంలో ఉన్న లేబర్ పార్టీ స్కాట్లండ్ తరహా చట్టం తెస్తామని చెప్పింది. ఆ ఏడాది అక్టోబరుకే భూయజమానుల ఒత్తిడి మధ్య వెనక్కి తగ్గింది. 2024లో అధికారంలోకి వచ్చింది ఆ వెనక్కి తగ్గిన హామీతోనే. స్వేచ్ఛగా తిరిగే హక్కు (రైట్ టు రోమ్) కోరే ఉద్యమకారులు డార్ట్‌మూర్ తీర్పును చూపి మిగతా నేషనల్ పార్కులకూ ఇదే హక్కు కోరుతున్నారు. అందుకు కొత్త చట్టం కావాలి, ఎందుకంటే 1985 చట్టం హద్దు డార్ట్‌మూర్ కామన్స్ దగ్గరే ఆగిపోతుంది.

ప్రస్తుతానికి అక్కడికి వెళ్లే నడకరికి వర్తించే లెక్క ఇది. పార్కు అథారిటీ పటంలో గుడారానికి వీలని చూపిన కామన్ మీదే దిగాలి. రోడ్డుకు కనీసం 100 మీటర్ల దూరం ఉండాలి. రాతిగోడ కట్టిన పొలంలో దిగకూడదు, కట్టెల మంట వేయకూడదు, కారులోనో వ్యానులోనో పడుకోకూడదు. ఒకే చోట వరుసగా రెండు రాత్రులు ఉండవచ్చు. మూడో సాయంత్రం కూడా గుడారం అక్కడే కనబడితే, ‘లోబడి’ అన్న మాట అడ్డొస్తుంది, మూడు కోర్టులు తిరిగి నిలిచిన ఆ హక్కు ఆ గుడారానికి వర్తించదు.